మీ ఆశలు కొంచెం తగ్గించుకోండి

డేటాబేస్‌ని నేరుగా ముట్టుకోవడం మా ఆఫీసులో మైల. ఎవరైనా క్వెరీ, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్న, చేత్తో రాశారని తెలిస్తే మా టీమ్ లీడర్, మడి కట్టుకున్నవాడి మీద ఎవరో చెయ్యి వేసినట్టు ముఖం పెట్టేవాడు. "క్వెరీ నువ్వు రాయకూడదమ్మా. ఫ్రేమ్‌వర్క్ రాస్తుంది. ఏం కావాలో దాన్ని అడుగు, అదే తెచ్చిపెడుతుంది" అనేవాడు. అదేం తెస్తోందో, ఎక్కణ్ణించి తెస్తోందో, దారిలో ఎవర్ని వదిలేసి వస్తోందో అడగకూడదు. అడిగితే "హైదరాబాద్‌లో ఇలా కాదు" అనేవాడు. ఆయన హైదరాబాద్‌లో ఉన్నది కొద్దికాలమే. తిరిగొచ్చాక అది కాశీయాత్రంత గొప్పదైంది.

ఆయనంటే నాకు ఇప్పటికీ పడదు. ఏళ్ళు గడిచేకొద్దీ కోపాలు చల్లారతాయంటారు. నాది చల్లారలేదు, చల్లార్చుకునే ఉద్దేశమూ లేదు.

సూర్యారావుపేటలో కింద స్కానింగ్ సెంటర్, పైన మేము. రెండువేల తర్వాతి సంవత్సరాలవి. విజయవాడలో మా పని అంటే కోచింగ్ కాలేజీలకి ఫలితాల పేజీలు, చీరల షాపులకి నాలుగు బొమ్మలతో ఒక వెబ్‌సైటు. అంతకుముందు ప్రతి పేజీకీ కావలసిన క్వెరీ మేమే రాసుకునేవాళ్ళం. ఏ టేబుల్లోంచి తీయాలి, ఏ షరతు మీద తీయాలి, అన్నీ మా చేతిరాతే. తప్పు చేస్తే కళ్ళముందే ఉండేది. ఫ్రేమ్‌వర్క్ అనే రెడీమేడ్ కోడ్ వచ్చాక 'వెతుకు' అని ఒక్క మాట రాస్తే చాలు, వెనకాల అదే పొడుగాటి క్వెరీ అల్లుకుని డేటాబేస్‌కి పంపించేది. పని తొందరగా తెమిలే మాట నిజమే. వంటింట్లోకి వెళ్ళకుండానే విస్తరి వచ్చినట్టుండేది. నాకు మాత్రం వంటింట్లో ఏం జరుగుతోందో చూడకపోతే ముద్ద దిగదు.

అలాంటి రోజుల్లో గవర్నర్‌పేటలో పెళ్ళిసంబంధాల బ్యూరో నడిపే ఒక మేడంగారు మా దగ్గరికొచ్చారు. బ్యూరోని వెబ్‌సైట్ చేయాలి. "అన్ని కులాలూ, అన్ని మతాలూ" అని ఏలూరు రోడ్డులో పెద్ద బోర్డు అప్పటికే పెట్టించేశారు. ఆవిడకి ఒక్కటే భయం. అంతకుముందు ఎప్పుడో ఆవిడ మనుషులు ఒకే గోత్రం వాళ్ళకి సంబంధం చూపించారట. "అన్నాచెల్లెళ్ళకి పెళ్ళి చేస్తారా" అని అవతలివాళ్ళు బ్యూరోకొచ్చి నానా మాటలూ అన్నారట. కాబట్టి వెతికేవాళ్ళ గోత్రం, కనిపించేవాళ్ళ గోత్రం ఒకటి కాకూడదు. ఏ పేజీలోనూ, ఎట్టి పరిస్థితిలోనూ.

టీమ్ లీడర్‌కి అది పండగ. ఆ షరతుని ఒక్కో పేజీలో పెట్టకుండా, అన్ని వెతుకులాటలూ మొదలయ్యే మూలఫైల్లో పెట్టేశాడు. ఇక ఎవరు ఏది వెతికినా ఫ్రేమ్‌వర్కే దాని తోకకి 'గోత్రం వేరై ఉండాలి' అని తగిలిస్తుంది. మేము మర్చిపోయినా అది మర్చిపోదు. ఆ ఫైలు ఇంకెవరూ తెరవకూడదని మాకు చెప్పి, మేడంగారి ముందు తన సొంత గోత్రంతో వెతికి చూపించాడు. ఆయన గోత్రం అమ్మాయి ఒక్కరూ రాలేదు. అందరం చప్పట్లు కొట్టాం. ఎవరూ దొరకనప్పుడు కనిపించే వాక్యం కూడా ఆయనే స్వయంగా రాశాడు: "మీకు తగిన సంబంధాలు లేవు. మీ ఆశలు కొంచెం తగ్గించుకుని మళ్ళీ వెతకండి."

నాకిచ్చింది ఫోటోల పని. బ్యూరో నుంచి సంచుల్లో వచ్చే స్టూడియో ఫోటోలు స్కాన్ చేసి, అంచులు కత్తిరించి, ఎవరిది వాళ్ళ పేరు మీద ఎక్కించడం. గుణదల మాత కొండ బొమ్మ వెనకాల పెట్టించుకుని నిలబడ్డ అబ్బాయిల ఫోటోలు వస్తే నాకు నవ్వొచ్చేది. మాది గుణదలే. కేథలిక్కులం. ఆ తెరబొమ్మ ఏ స్టూడియోలో ఉందో కూడా నాకు తెలుసు.

మా అక్క అక్కడే ఒక కాన్వెంట్ స్కూల్లో టీచరు. నాన్న రైల్వేలో పనిచేస్తూ పోయాక ఇల్లు నడిపింది, నన్ను ఎంసీఏ చదివించింది అక్కే. అందుకే ఆమె పెళ్ళి ఆలస్యమైంది. సైట్లో పేరు ఎక్కిస్తానంటే మొదట ససేమిరా అంది. నేనే బతిమాలి ఒప్పించాను. తను కోరుకున్నవి పెద్ద కోరికలేమీ కావు. డిగ్రీ చదివినవాడై ఉండాలి, తాగకూడదు, తన ఈడువాడై ఉండాలి, ఉద్యోగం మానమనకూడదు. విజయవాడకి బస్సులో వెళ్ళి రాగలిగే దూరంలో ఇల్లుంటే చాలు. గోత్రం గడి ఖాళీగా వదిలేసింది. మా ఇళ్ళలో ఇంటిపేరు చూస్తారు గానీ గోత్రం ఎక్కడిది?

స్కూలు కంప్యూటర్ గదిలో ఖాళీ దొరికినప్పుడల్లా వెతికేది. "ఎవరైనా నచ్చారా" అని అడిగితే "చూస్తున్నాలేవే" అనేది. నెలలు గడిచాయి. అడగడం నేనూ మానేశాను. నచ్చినవాళ్ళెవరూ లేరేమో, చెప్పడానికి మొహమాటపడుతోందేమో అనుకున్నాను.

ఈలోగా అమ్మ ప్రార్థన గుంపులో ఎవరో ఒక సంబంధం తెచ్చారు. కైకలూరు వైపు చేపల చెరువులాయన. భార్య పోయింది, ఇద్దరు పిల్లలు. మనిషి చెడ్డవాడు కాడు, ఆ మాట నేనే ఒప్పుకుంటాను. అయితే వచ్చి కూర్చున్నవాడు అక్కని అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. "ఉద్యోగం ఎప్పుడు మానేస్తారండీ?"

అక్క "మీరెప్పుడంటే అప్పుడు" అంది. నేను వంటింటి గడప దగ్గర కాఫీ గ్లాసులతో నిలబడి ఉన్నాను. నా చెవుల్ని నేనే నమ్మలేదు. స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌కి కూడా ఎదురు చెప్పగలిగే మనిషి మా అక్క.

పెద్దవాళ్ళు మాట్లాడుకున్నారు. రాబోయే ఆదివారం పూజలో ఫాదర్‌గారు మొదటి పెళ్ళిప్రకటన, ఫలానా ఇద్దరికీ పెళ్ళి అని, చదువుతారని తేలింది. మా గుడిలో ఒకసారి చదివారంటే ఊరంతటికీ తెలిసిపోయినట్టే. ఆ తర్వాత వెనక్కి తగ్గిన ఆడపిల్లకి ఇంకో సంబంధం రాదు.

సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తూ అక్కతో గొడవకి దిగాను. "ఎందుకు ఒప్పుకున్నావే? అమ్మ పోరు పడలేకా?"

"అమ్మేం పోరలేదు."

"మరి? నీకేం తక్కువని?"

అక్క చీర మడత పెడుతూ నా వైపు చూడకుండానే చెప్పింది. "ఏం తక్కువో నాకేం తెలుసు? మీ సైట్లో అంతమంది ఉన్నారన్నావుగా. ఒక్కడు రాలేదు. ఆశలు తగ్గించుకోమంది. వయసు తీసేశాను. రాలేదు. డిగ్రీ తీసేశాను, ఊరు తీసేశాను. తాగినా పర్లేదని కూడా పెట్టాను. ఆఖరికి రెండో పెళ్ళివాడైనా సరేనని టిక్కు పెట్టాను. అప్పుడూ ఎవరూ రాలేదు. ఆ తర్వాత ఈయనొచ్చాడు. ఇంకా దేనికి ఎంచుతాను చెప్పు?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ముందు ఆ చేపల చెరువుల మీద, తర్వాత అమ్మ మీద. ఆ మంటలోనే ఒక సంగతి తట్టింది. ఎవరూ రాకపోవడమేమిటి? గుణదల కొండ ముందు నిలబడ్డ అబ్బాయిలందర్నీ సైట్లోకి ఎక్కించింది నేనే. తెనాలి లెక్చరర్ ఉన్నాడు, మంగళగిరి బ్యాంకులో చేసే అబ్బాయి ఉన్నాడు, గుడివాడ కాంపౌండర్ ఉన్నాడు. వాళ్ళ చెవుల దగ్గర అంచులు కత్తిరించిన చెయ్యి ఇదే. వాళ్ళంతా ఏమైపోయారు?

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకెళ్ళి డీబగ్ ఆన్ చేశాను. అది పెడితే ఫ్రేమ్‌వర్క్ తాను అల్లిన క్వెరీలన్నీ పేజీ అడుగున వరసగా చూపిస్తుంది. టీమ్ లీడర్ దాన్ని ఎప్పుడూ ఆపి ఉంచేవాడు, చూడ్డానికి అసహ్యంగా ఉంటుందని. అక్క పేరుతో లోపలికెళ్ళి, క్రైస్తవులు అని ఒక్క షరతు మాత్రం పెట్టి వెతికాను. తగిన సంబంధాలు లేవంది. కింద క్వెరీ చదివాను. మతం షరతు పక్కనే, నేను అడగని షరతు, గోత్రం వేరై ఉండాలి.

డేటాబేస్‌లో ఖాళీ గడి అంటే సున్నా కాదు, లేదు అని కూడా కాదు. 'తెలియదు' అని. ఈ గోత్రం ఆ గోత్రం కంటే వేరా అని అడిగితే, తెలియనిదాని గురించి అది అవునని చెప్పదు, కాదనీ చెప్పదు. అవునని తేలని మనిషిని క్వెరీ తీసుకురాదు. అంటే గోత్రం లేనివాళ్ళు ఎవరికీ కనపడరు, వాళ్ళకి ఎవరూ కనపడరు. ఎవరి ఫోటో ఎంత బాగా కత్తిరించినా సరే. బ్యూరో గుమాస్తాలు మావాళ్ళందరికీ ఆ గడి ఖాళీగానే వదిలారు, ఇంకేం రాస్తారు? అదే క్వెరీని చేత్తో, ఆ షరతు లేకుండా రాసి నేరుగా డేటాబేస్‌ని అడిగాను. తెనాలి లెక్చరర్, మంగళగిరి బ్యాంకు అబ్బాయి, అందరూ బిలబిలమంటూ వచ్చారు.

టీమ్ లీడర్ రాగానే చూపించాను. ఆయన ముందు చూసింది నేను చేత్తో రాసిన క్వెరీని. "ఇదెవరు రాయమన్నారమ్మా?"

"అది తర్వాత చూద్దాం సార్. క్రైస్తవులు ఎవరూ ఎవరికీ కనపడట్లేదు. గోత్రం ఖాళీగా ఉందని."

"ఖాళీగా ఎందుకుంచారు? రాయమను."

"మాకు గోత్రాలుండవు సార్."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకింకా గుర్తుంది. "ఉండకపోవడమేంటి? మీవాళ్ళూ ఒకప్పుడు మావాళ్ళేగా. తాతల నాడు ఏదో ఒకటి ఉండే ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి రాయించు."

"మా తాతలకి గోత్రం ఉండుంటే మీ తాతల వీధిలో చెప్పులేసుకుని నడిచేవాళ్ళు సార్" అన్నాను.

ఆయన ముఖం మాడ్చుకుని, "ప్రతిదాన్నీ అక్కడికి తీసుకెళ్ళకు. మధ్యాహ్నానికి సరిచేస్తాను" అన్నాడు.

చేశాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి షరతు ఎందుకు ముట్టుకుంటాడు? ఖాళీగా ఉన్న గోత్రం గడులన్నిట్లోనూ 'లేదు' అని నింపేశాడు. అయిపోయిందమ్మా, చూసుకో అన్నాడు. చూశాను. మళ్ళీ తగిన సంబంధాలు లేవంది. ఎందుకుంటాయి? అక్క గోత్రం 'లేదు', తెనాలి లెక్చరర్ గోత్రం 'లేదు'. ఇద్దరిదీ ఒకే గోత్రం, పెళ్ళి కుదరదు. ఒక్క దెబ్బతో కృష్ణా డెల్టా క్రైస్తవులందర్నీ ఒకే తల్లి పిల్లల్ని చేసి కూర్చోబెట్టాడు. మా ఫాదర్‌గారూ ప్రసంగాల్లో అదే చెప్తారు గానీ, దానికోసం పెళ్ళిళ్ళు ఆపరు.

ఇక ఆయన్ని అడగలేదు. మూలఫైలు తెరిచి, క్రైస్తవులకి గోత్రం షరతు తగిలించొద్దని ఒక్క లైను రాశాను. సాయంత్రానికి ఆయన దాన్ని కనిపెట్టి తీసేసి, నన్ను గదిలోకి పిలిచాడు.

"మూలఫైల్లో మతం పేరు రాస్తారామ్మా ఎవరైనా? కోడ్ సెక్యులర్‌గా ఉండాలి."

"గోత్రం ఉండొచ్చా సార్?"

"అది మతం కాదు. బిజినెస్ రూలు."

ఆ మనిషి నిజంగానే అలా నమ్మాడు. నన్ను ఏడిపించడానికి అన్న మాటైతే ఎప్పుడో మర్చిపోయేదాన్ని. కావాలని చేసే చెడ్డవాడికి ఒక రోజు కాకపోతే ఒక రోజు అలుపొస్తుంది. ఈయనకి అలుపు లేదు, అనుమానం లేదు. మావాళ్ళకి ఎవరి నుంచీ ఫోన్లు రావట్లేదేమని మేడంగారు ఒకసారి అడిగితే, "వాళ్ళలో రెస్పాన్స్ తక్కువండీ" అని ఆయన చెప్పడం నేను పక్క బల్ల నుంచి విన్నాను. నెలలపాటు అక్కలాంటివాళ్ళు ఎంతమంది ఆ వాక్యం చదువుకుని, వయసు తీసేసి, చదువు తీసేసి, ఇంకేం తీసేశారో ఆయనకి అక్కర్లేదు.

శనివారం స్కూలు ఒంటిపూట. అక్కని ఆఫీసుకి రమ్మన్నాను. "రేపు ప్రకటన పెట్టుకుని ఇప్పుడెందుకే" అని విసుక్కుంటూనే వచ్చింది, చేతిలో దిద్దాల్సిన పుస్తకాల సంచీతో. నా కుర్చీలో కూర్చోబెట్టాను. సైటు నకలు ఒకటి నా మెషీన్లో ఉంది. దాని మూలఫైల్లోంచి గోత్రం షరతు పీకేసి ఉంచాను. "ఇప్పుడు వెతుకు" అన్నాను.

వెతికింది. పేజీ నిండా ముఖాలు. కిందికి జరిపితే ఇంకా ఉన్నాయి. అక్క అడుగుదాకా జరుపుతూనే పోయింది.

"వీళ్ళంతా కొత్తగా చేరారా?"

"లేదక్కా. మొదట్నుంచీ ఉన్నారు. నీకు చూపించలేదంతే. వాళ్ళకీ నిన్ను చూపించలేదు."

"ఒక్కళ్ళకి కూడానా?"

"ఒక్కళ్ళకి కూడా."

అక్క కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "అందరూ నన్ను చూసి వద్దనుకుంటున్నారని అనుకున్నానే. ఫోటో బాగాలేదేమోనని మార్చాను కూడా. టీచరని రాస్తే గయ్యాళి అనుకుంటారేమోనని..." అంత కోపంలోనూ నాకు ఏడుపొచ్చింది.

టీమ్ లీడర్ మా వెనక్కి వచ్చి నిలబడ్డాడు. "ఎవరమ్మా, క్లయింటా?"

అక్క లేచింది. ఆయనకి భుజం దాకా కూడా రాదు. "నేను మీ సైట్లో చేరిన మనిషినండి. ఆశలు తగ్గించుకోమని రాసింది మీరేనటగా?"

"అది అందరికీ వచ్చే జనరల్ మెసేజ్ అండి."

"నాకు రోజూ వచ్చిందండి. తగ్గించుకున్నాను కూడా. మా పిల్లలు లెక్క తప్పు చేస్తే, ముందు లెక్క నేను సరిగ్గా ఇచ్చానో లేదో చూసుకుంటానండి. మీకెప్పుడూ చూసుకోవాలని అనిపించలేదా?"

ఆయన నా వైపు చూసి, "ఆఫీస్ మెషీన్ మీద బయటివాళ్ళని కూర్చోబెట్టకూడదు, నీకు తెలుసుగా" అన్నాడు. అంతే. నేను ఆశించింది క్షమాపణ కూడా కాదు, ఒక్క క్షణం నోరు పడిపోతే చాలనుకున్నాను. అదీ దక్కలేదు. ఆ నెలాఖరుకి ఉద్యోగం మానేశాను. ఆయన తర్వాత పెద్ద కంపెనీలో పెద్ద ఉద్యోగానికి వెళ్ళాడని విన్నాను. వెళ్ళే ఉంటాడు.

ఆ శనివారం మాత్రం అక్క మళ్ళీ నా కుర్చీలో కూర్చుంది. ఆయన వెనకాలే నిలబడి ఉండగా, తీసేసిన షరతులన్నీ ఒక్కొక్కటీ తిరిగి పెట్టింది. వయసు పెట్టింది. డిగ్రీ, ఊరు పెట్టింది. తాగకూడదని పెట్టింది. రెండో పెళ్ళి దగ్గర టిక్కు తీసేసింది. వెతికితే పేజీ నిండా ఉన్న ముఖాల్లో కొద్దిమందే మిగిలారు. వాళ్ళని శ్రద్ధగా చూసింది కూడా లేదు. సంచీ తీసుకుని "పద, ఫాదర్‌గారు నాలుగింటికి ఆఫీసులో ఉంటారు" అంది.

గుణదలలో ఆటో దిగుతూ, "అమ్మకి నేను చెప్తాను, నువ్వు నోరెత్తకు" అంది.

ఫాదర్‌గారు మర్నాటి పూజలో చదవాల్సిన ప్రకటనల కాగితం సరిచూసుకుంటున్నారు. మమ్మల్ని చూసి నవ్వారు. "పేర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోడానికి వచ్చావా అమ్మా?"

"కాదండి. ఆ ప్రకటన చివర ఏం చదువుతారు ఫాదర్‌గారూ?"

"ఎప్పుడూ వినేదేగా. ఈ వివాహానికి అడ్డంకి ఏదైనా ఎరిగినవాళ్ళుంటే మాకు తెలియజేయమని."

"నాకొకటి తెలుసండి. రేపటిదాకా ఎందుకని ఇప్పుడే వచ్చాను."

ఫాదర్‌గారి నవ్వు పోయింది. కుర్చీలో ముందుకి వంగి గొంతు తగ్గించారు. "ఏంటమ్మా? ఆయన సంగతేమైనా తెలిసిందా?"

"ఆయనకేం లేదండి, మంచివాడే" అంది అక్క. "నాకిష్టం లేదు."

"మరి ఆ రోజు సరేనన్నావు కదమ్మా?"

"ఆ రోజు నేను ఎవరికీ అక్కర్లేదనుకున్నానండి" అని, ఫాదర్‌గారు ఆ కాగితం మీద గీత కొట్టేదాకా అక్క అక్కడే నిలబడింది.